ఆర్డర్స్ ఐడాక్‌లు 56, 51, 64 స్టేటస్‌లలో ఆగిపోయాయి: బీడీ87 కొట్టే ముందు ఏం చూడాలి?

ఆర్డర్_డెస్క్_సపోర్ట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డీలర్ల పోర్టల్ నుంచి కొనుగోలు ఆర్డర్లు మిడిల్‌వేర్ (రెండు సిస్టమ్‌ల మధ్య డేటా మార్చి పంపే సాఫ్ట్‌వేర్) మీదుగా ఐడాక్ (ఎస్‌ఏపీ డేటా మార్పిడికి వాడే పత్రం) ఎక్స్‌ఎంఎల్ రూపంలో మా ఎస్‌ఏపీ ఈసీసీ 6.0 లోకి వస్తాయి. మెసేజ్ టైప్ ఆర్డర్స్, బేసిక్ టైప్ ఆర్డర్స్05, ప్రాసెస్ కోడ్ ఓఆర్‌డీఈ. రాత్రి వచ్చిన 212 ఐడాక్‌లలో 140 మాత్రమే 53కి (ఆర్డర్ పడిన స్టేటస్‌కు) చేరాయి. మిగతావి ఇలా ఉన్నాయి:

56లో 31. పంపేవాళ్ళ సెట్టింగ్ అయిన పార్ట్‌నర్ ప్రొఫైల్ లేదని మెసేజ్: "ఈడీఐ: పార్ట్‌నర్ ప్రొఫైల్ ఇన్‌బౌండ్ నాట్ అవైలబుల్".

51లో 27. వీటిలో 11 ఐడాక్‌లకు "ఎన్‌ఓఎస్" అనే కొలత యూనిట్ దొరకలేదని వస్తోంది. 9 ఐడాక్‌లకు "నో బ్యాచ్ ఇన్‌పుట్ డేటా ఫర్ స్క్రీన్ ఎస్‌ఏపీఎంవీ45ఏ". మిగిలిన 7 షిప్-టు పార్టీ (సరుకు అందుకునేవాళ్ళు) దగ్గర పడిపోయాయి.

64లో 14. వీటికి ఎర్రర్ ఏమీ లేదు, ఊరికే ఉండిపోయాయి. వచ్చిన ఐడాక్‌లను నడిపే ఆర్‌బీడీఏపీపీ01 జాబ్ ప్రతి 10 నిమిషాలకు షెడ్యూల్ అయి ఉంది, పార్ట్‌నర్ ప్రొఫైల్‌లో "ట్రిగ్గర్ బై బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రామ్" ఎంచుకుని ఉంది.

56 వచ్చిన డీలర్లకు డబ్ల్యూఈ20లో పార్ట్‌నర్ ప్రొఫైల్ ఉంది, ఇన్‌బౌండ్‌లో ఆర్డర్స్ లైన్ కూడా కనిపిస్తోంది. అయినా ఐడాక్‌లను మళ్ళీ నడిపే బీడీ87లో రెండుసార్లు రీప్రాసెస్ చేస్తే మళ్ళీ 56కే వచ్చింది. మొత్తం 72నీ ఒకేసారి ఎంచుకుని బీడీ87 కొట్టేయమని ఒక సలహా వచ్చింది. పోర్టల్ వాళ్ళేమో 212నీ మళ్ళీ పంపేస్తామంటున్నారు. రెండింటిలో ఏది చేసినా ఇబ్బంది ఉంటుందా? గోడౌన్‌లో లోడింగ్ ఆగి ఉంది కాబట్టి ఏది ముందు చూడాలో కూడా చెప్పండి.


ఏఎల్‌ఈ_పాతకాపు

రెండూ వద్దండి. ముఖ్యంగా 212నీ మళ్ళీ పంపనివ్వకండి. 53కి చేరిన 140కి సేల్స్ ఆర్డర్లు పడిపోయాయి. అవే మళ్ళీ వస్తే కొత్త ఐడాక్ నంబర్లతో వస్తాయి, సిస్టమ్ వాటిని కొత్త ఆర్డర్లుగానే చూస్తుంది. ఆర్డర్ టైప్ సెట్టింగ్ వీఓవీ8లో "కొనుగోలు ఆర్డర్ నంబర్ చెక్" అనే ఫీల్డ్ ఉంటుంది. అందులో "ఏ" అనే అక్షరం పెట్టి ఉన్నా, ఆ చెక్ ఇచ్చేది హెచ్చరిక మాత్రమే. బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ఐడాక్‌ను అది ఆపుతుందని నమ్ముకోకూడదు.

56 సంగతి ముందు తేల్చుకుందాం. డేటా మీద ఇంకా ఎవరూ చెయ్యి వేయకముందే, గుమ్మం దగ్గరే ఆగిపోయిన స్థితి 56. అప్లికేషన్ దాకా వెళ్ళనే లేదు కాబట్టి ఐటమ్‌లు, ధరలు, కస్టమర్ మాస్టర్ ఇవేవీ వెతకక్కర్లేదు. చూడాల్సింది ఒక్క కంట్రోల్ రికార్డే (ఎవరు పంపారు, ఏ మెసేజ్ అని చెప్పే ఐడాక్ తల భాగం).

ఐడాక్‌లను చూసే డబ్ల్యూఈ02లో ఐడాక్ తెరిచి, స్టేటస్ 56 మీద డబుల్ క్లిక్ చేసి మెసేజ్ వివరం చూడండి. స్లాష్‌ల మధ్య ఒక కీ కనిపిస్తుంది. సిస్టమ్ వెతికి దొరకలేదని చెబుతున్నది ఆ కీనే. ఇన్‌బౌండ్‌కు ఆ కీలో ఏడు భాగాలు: పార్ట్‌నర్ నంబర్, పార్ట్‌నర్ టైప్, పార్ట్‌నర్ ఫంక్షన్, మెసేజ్ టైప్, మెసేజ్ కోడ్, మెసేజ్ ఫంక్షన్, టెస్ట్ ఫ్లాగ్. ఏడూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆరు కలిసి ఒకటి తేడా వచ్చినా లైన్ లేనట్టే లెక్క.

ఇప్పుడు ఎస్‌ఈ16లో ఈడీపీ21 టేబుల్ తెరవండి. డబ్ల్యూఈ20లోని ఇన్‌బౌండ్ లైన్లు నిల్వ ఉండేది అక్కడే. అవుట్‌బౌండ్‌వి ఈడీపీ13లో, పార్ట్‌నర్ తల భాగం ఈడీపీపీ1లో ఉంటాయి. పక్క విండోలో ఫెయిలైన ఐడాక్ నంబర్‌తో ఈడీఐడీసీ (కంట్రోల్ రికార్డుల టేబుల్) తెరిచి, రెండు వరుసలనూ ఫీల్డ్‌కు ఫీల్డ్ పోల్చండి. డబ్ల్యూఈ20 స్క్రీన్ మీద చూస్తే కన్ను మోసపోతుంది, టేబుల్‌లో చూస్తే పోదు.

నా అనుమానం రెండింటి మీద. మొదటిది ముందు సున్నాలు. పార్ట్‌నర్ టైప్ కేయూ (కస్టమర్) అయితే కస్టమర్ నంబర్ పది అంకెలతో, ముందు సున్నాలతో నిల్వ ఉంటుంది. మిడిల్‌వేర్ ఎక్స్‌ఎంఎల్‌లో ఎస్‌ఎన్‌డీపీఆర్‌ఎన్ (పంపేవారి నంబర్) ఫీల్డ్‌కు 4711023 అని పంపితే, సిస్టమ్ వెతికేది 4711023నే. టేబుల్‌లో ఉన్నది 0004711023. మనిషి కంటికి రెండూ ఒకటే, కీకి కాదు. రెండోది టెస్ట్ ఫ్లాగ్. కంట్రోల్ రికార్డులో టెస్ట్ ఫీల్డ్‌కు ఎక్స్ వచ్చి, డబ్ల్యూఈ20 లైన్‌లో టెస్ట్ టిక్ లేకపోతే ఇదే 56.

బీడీ87 రెండుసార్లు కొట్టినా మారకపోవడానికి కారణం కూడా ఇదే. బీడీ87 అదే కంట్రోల్ రికార్డుతో పార్ట్‌నర్ ప్రొఫైల్‌ను మళ్ళీ వెతుకుతుంది, అంతే. తప్పు డబ్ల్యూఈ20లో ఉంటే, దాన్ని సరిచేశాక బీడీ87 పని చేస్తుంది. తప్పు కంట్రోల్ రికార్డులోనే ఉంటే వందసార్లు కొట్టినా ఫలితం మారదు. మిడిల్‌వేర్‌లో సరిచేసి, ఆగిపోయినవి మాత్రమే మళ్ళీ పంపించాలి.

డబ్ల్యూఈ19తో కాపీ చేసి కంట్రోల్ రికార్డు మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే ఒక్కటి గుర్తుంచుకోండి. దాని పేరు టెస్ట్ టూలే గానీ, ప్రొడక్షన్‌లో వాడితే నిజమైన ఆర్డరే పడుతుంది. క్వాలిటీ సిస్టమ్‌లో వాడండి.


ఎస్‌డీ_యూనిట్లు_ధరలు

51 గురించి నేను చెబుతాను. 51 అంటే ఐడాక్ అప్లికేషన్ దాకా వెళ్ళింది, అప్లికేషన్ వద్దంది. స్టేటస్ ఒకటే అయినా మీ 27లో మూడు వేరువేరు జబ్బులున్నాయి, మూడింటికీ మందు వేరు.

ముందు ఎన్‌ఓఎస్. ఇది జీఎస్‌టీ యూనిట్ కోడ్. ఈ-ఇన్‌వాయిస్‌కు, రిటర్నులకు వాడే యూక్యూసీ జాబితాలోది. ఐడాక్‌లో ఈ1ఈడీపీ01 (ఐటమ్ లైన్) సెగ్మెంట్ మెనీ (యూనిట్) ఫీల్డ్ అడిగేది ఐఎస్‌ఓ కోడ్. ఎస్‌ఏపీ ఆ ఐఎస్‌ఓ కోడ్‌ను తీసుకుని తన లోపలి యూనిట్‌గా మార్చుకుంటుంది. పోర్టల్‌లో బిల్లింగ్ కోసం పెట్టుకున్న యూక్యూసీనే ఎవరో ఆర్డర్‌లోకి కూడా పంపేస్తున్నారు.

యూనిట్ల సెట్టింగ్ అయిన సీయూఎన్‌ఐలోకి వెళ్ళి ఎన్‌ఓఎస్‌ను కలిపేద్దామని తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. ఒక లోపలి యూనిట్‌కు ఐఎస్‌ఓ కోడ్ ఒక్కటే ఇవ్వగలం. ఈఏ (ఒక్కొక్కటి) యూనిట్‌కు ఉన్న ఈఏ అనే ఐఎస్‌ఓ కోడ్ తీసేసి ఎన్‌ఓఎస్ పెడితే ఈ 11 ఐడాక్‌లు పోతాయి, నిజమే. కానీ ఈఏ అని సరిగ్గా పంపుతున్న మిగతా పార్ట్‌నర్లందరివీ రేపటి నుంచి 51లో పడతాయి. మన నుంచి బయటికి వెళ్ళే ఇన్‌వాయిస్ ఐడాక్‌లలో కూడా ఎన్‌ఓఎస్ వెళ్తుంది. పోనీ ఎన్‌ఓఎస్ కోసం కొత్త లోపలి యూనిట్ తయారుచేద్దామా అంటే, ప్రతి మెటీరియల్‌కూ దాని వివరాలు మార్చే ఎంఎం02లో ఆ యూనిట్‌కు మార్పిడి పెట్టుకుంటూ కూర్చోవాలి. దీని చోటు మిడిల్‌వేర్ మ్యాపింగే.

మ్యాపింగ్ ఎలా ఉండాలంటే: ఎన్‌ఓఎస్‌కు ఈఏ, కేజీఎస్‌కు కేజీఎం, డీఓజెడ్‌కు డీజెడ్‌ఎన్, ఎంటీఎస్‌కు టీఎన్‌ఈ. ఎంటీఆర్ రెండింట్లోనూ మీటరే, దాన్ని కదపక్కర్లేదు. ఎంటీఎస్ దగ్గర చాలా జాగ్రత్త. యూక్యూసీలో ఎంటీఎస్ అంటే మెట్రిక్ టన్ను. చూడ్డానికి మీటర్లలా ఉంటుంది కాబట్టి మ్యాపింగ్ రాసేవాళ్ళు ఎంటీఆర్ అని పెట్టేస్తారు. మెటీరియల్‌కు మీటర్ యూనిట్ లేకపోతే ఎర్రర్ వచ్చి బయటపడుతుంది. ఉంటే మాత్రం ఎర్రరే రాదు, 5 టన్నుల ఆర్డర్ 5 మీటర్లుగా పడి కూర్చుంటుంది.

ఇంకో మెలిక. పీసీఎస్ వస్తే పీసీఈ అని మ్యాప్ చేస్తారు. ఎస్‌ఏపీలో పీసీఈ వెళ్ళేది లోపలి యూనిట్ ఎస్‌టీకి, ఇంగ్లీష్ లాగిన్‌లో అది పీసీ అని కనిపిస్తుంది. మెటీరియల్ బేస్ యూనిట్ ఈఏ అయి, ఎస్‌టీకి మార్పిడి లేకపోతే మళ్ళీ 51. మన వాడకంలో ఈఏ, పీసీ ఒకటే కావచ్చు, సిస్టమ్‌కు రెండు వేరు యూనిట్లు. మ్యాపింగ్ ఖరారు చేసే ముందు ఆ డీలర్లు కొనే మెటీరియల్స్ బేస్ యూనిట్లు మారా టేబుల్‌లో ఒకసారి చూసుకోండి. ఇంకొకటి, మెనీ ఒక్కటే మార్చి వదలకండి. ధర యూనిట్ పీఎంఈఎన్‌ఈ ఫీల్డ్‌లో కూడా ఎన్‌ఓఎస్ వస్తూ ఉంటుంది.

ఈ 11నీ ఇవాళే పంపాలంటే డబ్ల్యూఈ02లో డేటా సెగ్మెంట్ తెరిచి చేతితో మార్చవచ్చు. మార్చి సేవ్ చేస్తే ఆ ఐడాక్ 69కి (చేతితో మార్చినది అనే స్టేటస్‌కు) వస్తుంది. మార్చకముందున్న కాపీ వేరే నంబర్‌తో 70లో భద్రంగా ఉంటుంది కాబట్టి ఆడిట్‌కు జవాబు ఉంటుంది. తర్వాత బీడీ87. ఆర్డర్‌కు నలభై యాభై లైన్లుంటే మాత్రం చేతితో ముట్టుకోవద్దు, మ్యాపింగ్ సరిచేయించి మళ్ళీ పంపించుకోవడమే నయం.

రెండో జబ్బు, "నో బ్యాచ్ ఇన్‌పుట్ డేటా". ఐడాక్_ఇన్‌పుట్_ఆర్డర్స్ అనే ఫంక్షన్ మాడ్యూల్ ఆర్డర్‌ను నేరుగా టేబుల్‌లో రాయదు. సేల్స్ ఆర్డర్ వేసే వీఏ01ను కాల్ ట్రాన్సాక్షన్‌తో నడిపి, మనిషి టైప్ చేసినట్టే స్క్రీన్ తర్వాత స్క్రీన్ నింపుతుంది. మధ్యలో అనుకోని స్క్రీన్ గానీ పాపప్ గానీ వస్తే దానికి ఏం ఇవ్వాలో తెలియక ఆగిపోయి ఈ మెసేజ్ ఇస్తుంది. మెసేజ్‌లో ఎస్‌ఏపీఎంవీ45ఏ పక్కన స్క్రీన్ నంబర్ ఉంటుంది, మీరు ఇక్కడ ఇవ్వలేదు. అది ముఖ్యం, చూసి పెట్టండి.

కారణం పట్టుకోవడానికి క్వాలిటీలో డబ్ల్యూఈ19 తెరిచి అదే డేటా పెట్టండి. "ఇన్‌బౌండ్ ఫంక్షన్ మాడ్యూల్" బటన్ నొక్కి, మాడ్యూల్ పేరు ఇచ్చి, కాల్ ట్రాన్సాక్షన్ దగ్గర "ఇన్ ఫోర్‌గ్రౌండ్ ఆఫ్టర్ ఎర్రర్" ఎంచుకోండి. ఆగిన స్క్రీన్ కళ్ళముందుకు వస్తుంది. ఎక్కువగా కనిపించేవి: కస్టమర్‌కు రెండు మూడు షిప్-టులు ఉండి ఐడాక్‌లో షిప్-టు రాకపోతే వచ్చే ఎంపిక పాపప్, కొత్తగా తప్పనిసరి చేసిన ఫీల్డ్, ఈ మధ్య ట్రాన్స్‌పోర్ట్ అయిన యూజర్ ఎగ్జిట్.

వీఈడీఏ0001 ఎన్‌హాన్స్‌మెంట్‌లో మీ వాళ్ళు సొంత కోడ్ రాసి ఉంటే దాన్ని తప్పకుండా చూడండి. స్టాండర్డ్ కోడ్ తేదీని యూజర్ ఫార్మాట్‌లోకి మార్చి స్క్రీన్‌కు ఇస్తుంది. సొంత కోడ్‌లో ఆ మార్పిడి మరిచిపోతుంటారు. మీ లాగిన్‌తో నడిపితే సాఫీగా వెళ్ళి, బ్యాక్‌గ్రౌండ్ యూజర్‌తో నడిపితే పడిపోతుంటే ఇద్దరికీ ఎస్‌యూ01లో తేదీ, దశాంశ ఫార్మాట్లు ఒకటేనా అని పోల్చండి.

మూడోది, ఆ 7 షిప్-టులు. ఈ1ఈడీకేఏ1 సెగ్మెంట్‌లో పార్వ్ ఫీల్డ్ డబ్ల్యూఈ (షిప్-టు) ఉన్న వరుస చూడండి. అక్కడ డీలర్ సొంత బ్రాంచి కోడ్ వస్తోందా, మన కస్టమర్ నంబర్ వస్తోందా? బ్రాంచి కోడ్ అయితే వీఓఈ4లో కస్టమర్, పార్ట్‌నర్ ఫంక్షన్, బయటి నంబర్, మన నంబర్ అని వరుస ఉండాలి (టేబుల్ ఈడీపార్). డీలర్ కొత్త బ్రాంచి తెరిచినప్పుడల్లా ఇది ఆగేది ఇక్కడే. మన నంబరే వస్తుంటే ఆ షిప్-టు ఆ సేల్స్ ఏరియాకు ఎక్స్‌టెండ్ అయి ఉందో లేదో, సోల్డ్-టు (ఆర్డర్ ఇచ్చే కస్టమర్) పార్ట్‌నర్ జాబితాలో చేరి ఉందో లేదో చూడండి. ఈ రెండూ మన వైపు సరిచేసేవి కాబట్టి తర్వాత బీడీ87 చాలు, మళ్ళీ పంపించక్కర్లేదు.


ఆర్డర్_డెస్క్_సపోర్ట్

చాలా చాలా థ్యాంక్స్. ఈడీపీ21, ఈడీఐడీసీ పక్కపక్కన పెట్టి చూశాను. 31లో 26 ఐడాక్‌లకు ఎస్‌ఎన్‌డీపీఆర్‌ఎన్ ఏడంకెలే వచ్చింది, ముందు సున్నాలు లేవు. ఇవన్నీ నిన్న కొత్త మ్యాపింగ్‌కు మార్చిన డీలర్లవి, పాత మ్యాపింగ్‌లోని వాళ్ళవి ఆగలేదు. మిగిలిన 5 ఐడాక్‌లలో సున్నాలు సరిగ్గానే ఉన్నాయి, టెస్ట్ ఫీల్డ్‌లో ఎక్స్ ఉంది. ఐదూ ఒకే డీలర్‌వి.

షిప్-టు 7లో 6 కొత్త బ్రాంచి కోడ్‌లు, వీఓఈ4లో లేవు. ఇంకొకటి సేల్స్ ఏరియాకు ఎక్స్‌టెండ్ కాలేదు. 9 ఐడాక్‌లకు క్వాలిటీలో ఫోర్‌గ్రౌండ్‌లో చూస్తే షిప్-టు ఎంపిక పాపప్ దగ్గర ఆగుతోంది, ఆ డీలర్లకు తలా మూడు షిప్-టులున్నాయి. ఐడాక్‌లో డబ్ల్యూఈ వరుసే లేదు.

64 సంగతి ఇంకా అంతుపట్టలేదు. జాబ్ లాగ్‌లో ప్రతి 10 నిమిషాలకూ "క్యాన్సిల్డ్" అని ఉంది.


బేసిస్_రాత్రిపాళీ

జాబ్ క్యాన్సిల్ అవుతోందంటే ఎస్‌టీ22 చూడండి. అదే నిమిషానికి డంప్ (ప్రోగ్రామ్ మధ్యలో కూలిపోయిన రికార్డు) ఉంటుంది. చాలావరకు సీఓఎన్‌వీటీ_నో_నంబర్ అయి ఉండాలి. అంకెల ఫీల్డ్‌లోకి అంకె కానిది వచ్చినప్పుడు వచ్చే డంప్ అది.

64 అంటే ఐడాక్ అప్లికేషన్‌కు అందించడానికి సిద్ధంగా ఉందని. 51 రావాలంటే ప్రోగ్రామ్ తప్పును పట్టుకుని స్టేటస్ రాయాలి. డంప్ అయితే రాసే అవకాశమే ఉండదు, రోల్‌బ్యాక్ అయి 64లోనే మిగిలిపోతుంది. అందుకే మీకు ఎర్రర్ కనిపించడం లేదు. ఒక్క ఐడాక్ డంప్ అయితే జాబ్ అక్కడే చచ్చిపోతుంది. దాని వెనక వరుసలో ఉన్న 13 మంచివైనా కదలవు. పది నిమిషాల తర్వాత జాబ్ మళ్ళీ మొదలై, మళ్ళీ అదే ఐడాక్ దగ్గరికి వచ్చి చస్తుంది.

పట్టుకోవడం ఇలా. ముందు ఆ జాబ్‌ను ఎస్‌ఎం37లో ఆపండి. ఎస్‌ఈ38లో ఆర్‌బీడీఏపీపీ01ను ఒక్క ఐడాక్ నంబర్ ఇచ్చి నడపండి, అన్నిటికంటే చిన్న నంబర్‌తో మొదలుపెట్టి. డంప్ అయ్యేది తేలిపోతుంది. దాన్ని పక్కన పెట్టి మిగతా వాటిని నంబర్లిచ్చి నడపండి.

దోషి దొరికాక ఈ1ఈడీపీ01లో మెంగే (పరిమాణం), వీప్రే (ధర) ఫీల్డ్‌లు చూడండి. ఐడాక్‌లో పరిమాణం 120000.000 అని ఉండాలి: దశాంశానికి చుక్క, మధ్యలో కామాలు ఉండకూడదు. కొత్త పోర్టల్ స్క్రీన్ మీద లక్షల పద్ధతిలో చూపించే 1,20,000 నే ఎక్స్‌ఎంఎల్‌లోకి పంపేస్తుందేమో. వెయ్యి లోపు పరిమాణాలకు కామా రాదు, అందుకే టెస్టింగ్‌లో దొరకదు. పెద్ద ఆర్డర్ వచ్చిన రోజు దొరుకుతుంది.

డంప్ లేకుండా 64 ఉండిపోయే సందర్భం వేరు. "ట్రిగ్గర్ ఇమీడియట్లీ" పెట్టుకున్నవాళ్ళకు, ఐడాక్‌లు గుంపుగా వచ్చిన క్షణంలో ఖాళీ డైలాగ్ వర్క్ ప్రాసెస్ లేకపోతే ఐడాక్ 64లో ఆగుతుంది, తర్వాత తనంతట తాను మళ్ళీ ప్రయత్నించదు. కాబట్టి ఇమీడియట్ పెట్టుకున్నా వెనకాల ఆర్‌బీడీఏపీపీ01 జాబ్ ఉండాల్సిందే. మీది ఆ కేసు కాదు.


మ్యాపింగ్_మేస్త్రి

మిడిల్‌వేర్ వైపు నుంచి. సున్నాలు చేర్చేటప్పుడు షరతు పెట్టండి: ఎస్‌ఎన్‌డీపీఆర్‌టీ (పంపేవారి టైప్) కేయూ అయి, నంబర్‌లో అన్నీ అంకెలే ఉంటేనే పది అంకెలకు నింపాలి. ఎల్‌ఎస్ అయితే అది లాజికల్ సిస్టమ్ పేరు, ముట్టుకోకూడదు. అన్నిటికీ ఒకే ఫంక్షన్ తగిలిస్తే ఇవాళ పనిచేస్తున్న ఇంటర్‌ఫేస్‌లు రేపు 56కి వస్తాయి.

ఈ పని అయ్యాక ఒక మార్పు ఆలోచించండి. డీలర్‌కొక కేయూ పార్ట్‌నర్ ప్రొఫైల్ పెట్టుకుంటే కొత్త డీలర్ వచ్చినప్పుడల్లా డబ్ల్యూఈ20లో ఎంట్రీ వేయాలి. అన్నీ ఒకే మిడిల్‌వేర్ నుంచి వస్తున్నప్పుడు పంపేవాడిగా ఒకే ఎల్‌ఎస్ పెట్టి, డీలర్ ఎవరన్నది ఈ1ఈడీకేఏ1 ఏజీ (సోల్డ్-టు) వరుస నుంచి తీసుకోవడం తేలిక. కానీ ఈ మార్పు మధ్యాహ్నం చేసేది కాదు. వీఓఈ4, కస్టమర్ నుంచి సేల్స్ ఏరియా తేల్చే వీఓఈ2 రెండింటి మీదా దీని ప్రభావం ఉంటుంది, పూర్తిగా టెస్ట్ చేయాలి. సేల్స్ ఆర్గనైజేషన్, ఛానల్, డివిజన్ మూడూ ఈ1ఈడీకే14 సెగ్మెంట్‌లో 008, 007, 006 క్వాలిఫయర్లతో పంపుతుంటే వీఓఈ2 బాధ ఉండదు.

షిప్-టు పాపప్ వచ్చిన 9కి పరిష్కారం పోర్టల్‌లోనే ఉంది. డీలర్ డెలివరీ చిరునామా ఎంచుకుంటాడు కదా, ఆ ఎంపికనే డబ్ల్యూఈ వరుసగా పంపాలి. డిఫాల్ట్ షిప్-టు పెట్టి పాపప్‌ను దాటించేస్తే ఎర్రర్ పోతుంది, సరుకు వేరే ఊరి గోడౌన్‌కు పోతుంది.


ఏఎల్‌ఈ_పాతకాపు

మేస్త్రి గారు చెప్పిన చివరి మాట ప్రింట్ తీసి పెట్టుకోదగ్గది.

ఇక 26, 5 సంగతి. 26 ఐడాక్‌లను మ్యాపింగ్ సరిచేశాక మిడిల్‌వేర్ నుంచి మళ్ళీ పంపించాలి. కానీ అదే మ్యాపింగ్‌లో ఎన్‌ఓఎస్, కామాలు కూడా ఉన్నాయి. ఈ 26 ఇంకా అప్లికేషన్ దాకా వెళ్ళలేదు కాబట్టి ఆ తప్పులు వాటిలోనూ దాక్కుని ఉంటాయి. సున్నాలు ఒక్కటే సరిచేసి పంపితే 56 నుంచి 51కి మారతాయి, అంతే తేడా. మూడూ, షిప్-టు వరుస కూడా, సరిచేశాకే పంపండి. ముందు ఒక్క ఆర్డర్ పంపి 53 వచ్చిందని, వీఏ03లో పరిమాణం, యూనిట్, షిప్-టు సరిపోయాయని కళ్ళతో చూశాక మిగతా 25.

టెస్ట్ ఎక్స్ ఉన్న 5 విషయంలో తొందరపడకండి. డబ్ల్యూఈ20లో టెస్ట్ టిక్‌తో ఇంకో లైన్ వేసేస్తే అవి నిమిషంలో 53కి వెళ్తాయి, అదే ప్రమాదం. ఆ డీలర్ నిజంగానే పరీక్షకు పంపి ఉండవచ్చు. ముందు వాళ్ళను అడగండి. పరీక్షవే అయితే 68 (ఇక నడపక్కర్లేదనే స్టేటస్) చేసి మూసేయండి.

68 చేయడానికి ఆర్‌సీ1_ఐడాక్_సెట్_స్టేటస్ ప్రోగ్రామ్ ఉంది. ఐడాక్ నంబర్లు, ఇప్పటి స్టేటస్ 56, కొత్త స్టేటస్ 68 ఇచ్చి, ముందు టెస్ట్ టిక్‌తో నడిపి ఎన్ని వస్తున్నాయో చూసుకుని, తర్వాత అసలు నడపండి. మళ్ళీ పంపించుకున్న 26 పాత ఐడాక్‌లను కూడా 68 చేయాలి. ఈ పని వాయిదా వేయకండి. అవి 56లో అలాగే ఉంటే, ఎవరో ఒకరు పార్ట్‌నర్ ప్రొఫైల్‌లో ఏదో మార్చి, నెలాఖరున బీడీ87లో ఎర్రగా కనిపించేవన్నీ ఎంచుకుని నడిపిన రోజున రెండో ఆర్డర్ పడుతుంది. మిడిల్‌వేర్ నుంచి మళ్ళీ పంపడం, ఇక్కడ బీడీ87 కొట్టడం: ఒక ఆర్డర్‌కు ఈ రెంటిలో ఒక్కటే జరగాలి.

పంపే ముందు రెట్టింపు చెక్ కూడా చేయండి. గోడౌన్ తొందరలో ఎవరైనా వీఏ01లో చేతితో ఆర్డర్ వేసి ఉండవచ్చు. 26 కొనుగోలు ఆర్డర్ నంబర్లు తీసుకుని వీబీకేడీ టేబుల్‌లో బీఎస్‌టీకేడీ ఫీల్డ్‌తో వెతకండి. వీబీఏకేలోని బీఎస్‌టీఎన్‌కేతో వెతికితే ఇబ్బంది ఉంది, ఆ ఫీల్డ్ 20 అక్షరాలే. పోర్టల్ నంబర్లు అంతకంటే పొడవైతే తోక తెగిపోయి ఉంటుంది, "లేదు" అని తప్పు జవాబు వస్తుంది. బీఎస్‌టీకేడీ 35 అక్షరాలు పడుతుంది.


ఆర్డర్_డెస్క్_సపోర్ట్

64 దోషి దొరికింది. మెంగేలో 1,200 అని కామాతో వచ్చింది. దాన్ని పక్కన పెట్టి నడిపితే మిగతా 13లో 12 ఆర్డర్లు పడ్డాయి, ఒకటి 51. టెస్ట్ ఎక్స్ ఉన్న 5 పరీక్షవేనని డీలర్ చెప్పారు, 68 చేశాం. వీబీకేడీలో వెతికితే 26లో 2 ఆర్డర్లు పొద్దున్నే చేతితో వేసేసి ఉన్నాయి. వాటిని పంపే జాబితాలోంచి తీసేశాం.

ఆ 51 అయిన ఒకటి మెసేజ్ టైప్ ఆర్డ్‌సీహెచ్‌జీ (ఆర్డర్ మార్పు). మార్చాల్సిన ఆర్డర్ దొరకలేదు అంటోంది. డీలర్ రాత్రి 11కి ఆర్డర్ పెట్టి 11:20కి పరిమాణం మార్చారు. అసలు ఆర్డర్ 56లో ఆగిన 24లో ఉంది. దీన్ని ఏం చేయాలి?


ఏఎల్‌ఈ_పాతకాపు

ఇప్పుడు ముట్టుకోకండి. అసలు ఆర్డర్ మళ్ళీ వచ్చి 53 అయ్యాక, ఆ ఒక్క ఆర్డ్‌సీహెచ్‌జీని నంబర్ ఇచ్చి బీడీ87లో నడపండి. అందులోనూ యూనిట్ ఎన్‌ఓఎస్ ఉందేమో ముందే చూడండి, ఉంటే ఒక్క లైనే కాబట్టి డబ్ల్యూఈ02లో మార్చి 69 చేసుకోవచ్చు.

ఒక్క షరతు ఉంది. పోర్టల్ మళ్ళీ పంపేటప్పుడు రాత్రి 11 నాటి పరిమాణం పంపుతుందా, ఇప్పుడు తన దగ్గర ఉన్న తాజా పరిమాణం పంపుతుందా అని వాళ్ళను అడగండి. తాజాది పంపితే మార్పు అందులోనే వచ్చేసినట్టు, అప్పుడు ఆర్డ్‌సీహెచ్‌జీని 68 చేయండి. పాతది పంపితే పైన చెప్పినట్టు దాని తర్వాత దీన్ని నడపండి. మిగతా 23 ఆర్డర్లకు కూడా ఇలాంటి మార్పులు మిడిల్‌వేర్ క్యూలో నిలిచి ఉన్నాయేమో, ఆర్డ్‌సీహెచ్‌జీలు కూడా కొత్త మ్యాపింగ్ వల్ల 56లో ఉన్నాయేమో డబ్ల్యూఈ05లో నిన్న సాయంత్రం నుంచి చూసుకోండి.


బేసిస్_రాత్రిపాళీ

ఆపిన ఆర్‌బీడీఏపీపీ01 జాబ్‌ను మళ్ళీ మొదలుపెట్టే ముందు, కామా ఉన్న ఆ ఐడాక్‌ను 64లో వదిలేయకండి. మెంగేలో కామా తీసేసి సేవ్ చేస్తే 69కి వస్తుంది, బీడీ87లో నడపండి. లేదా మిడిల్‌వేర్ నుంచి తిరిగి తెప్పించుకునేట్టయితే దీన్ని 68 చేయండి. ఆ తర్వాతే జాబ్ వదలండి. జాబ్ వేరియంట్‌ను ఆర్డర్స్‌కు ఒకటి, ఆర్డ్‌సీహెచ్‌జీకి ఒకటిగా విడదీసి, రెండోదాన్ని మొదటిదాని తర్వాతి స్టెప్‌గా పెట్టుకుంటే ఆర్డర్ కంటే ముందు దాని మార్పు నడవదు.

ఆర్డర్ రెస్పాన్స్ ఐడాక్‌లు డీలర్లకు వెళ్తుంటే అవి కూడా చూడండి. డబ్ల్యూఈ02లో 03 అని ఉంటే పోర్ట్‌కు అందిందని మాత్రమే అర్థం, చేరిందని కాదు. చేరనివి ఎస్‌ఎం58లో కనిపిస్తాయి.